గబ్బిలాలను సాగనంపు విధానం

పాత భవనాల పైకప్పులలో నివసించే గబ్బిలాన్ని అశుభమని పలువురు భావిస్తారు. అయితే 1941లో జాషువా మహాకవి, గుడిలో ప్రవేశం లేని అభాగ్యుని మొరను శివునికి విన్నవించే దూతగా దానినే ఎన్నుకొన్నారు. అది పక్షి కాదు. పిల్లలకు పాలిచ్చి పెంచే క్షీరదం. ఇళ్లలో చేరే చిన్న గబ్బిలాలు రాత్రివేళ కీటకాలను భక్షించి మనకు మేలు చేస్తాయి.

కావున పొగబెట్టి, విషం చల్లి వాటిని చంపరాదు. ముందుగా రెండు మూడు సాయంకాలాలు బయట నిలిచి, అవి వెలువడే రంధ్రాలను గుర్తించాలి. పిల్లలు ఎగురనేర్చిన పిమ్మటనే పని ప్రారంభించాలి. లేనిచో తల్లి వెలుపల ఉండిపోగా, పిల్ల లోపల ఆకలితో మరణిస్తుంది. ప్రధాన రంధ్రం తప్ప తక్కిన సందులన్నిటినీ మూసివేయాలి. వేలు పట్టే సందైనా చిన్న గబ్బిలానికి చాలు. ఆ రంధ్రంపై సన్నని కన్నుల వలను పైన, ఇరుప్రక్కల బిగించి, క్రింద వదులుగా వేలాడదీయాలి. గబ్బిలం క్రిందుగా జారి వెళ్లిపోతుంది. తిరిగివచ్చినచో దారి దొరకదు. వారం గడిచాక ఏదీ వెలువడకుంటే, వలను తీసి ఆ రంధ్రాన్ని సిమెంటుతో పూడ్చాలి.

గబ్బిలాన్ని ఒట్టి చేతులతో తాకరాదు. కరచినచో గాయాన్ని సబ్బునీటితో బాగుగా కడిగి, తక్షణమే వైద్యుని ఆశ్రయించాలి.

పిలువని అతిథినైనా ప్రాణంతో సాగనంపుటయే విద్యావంతులకు శోభ.