నెలకు పది రోజుల పని వుంటేనే పాత పెద్ద రంపం లాభం
చెట్లు కోసే యంత్రాల మన్నిక, మారు అమ్మకం విలువలపై పరిశీలన

(మా వాణిజ్య విలేఖరి)

లింగాల: నల్లమల అంచున వున్న ఈ ప్రాంతంలో గట్ల మీది తుమ్మ, పొలాన్ని ఆక్రమించిన సర్కారు తుమ్మ, గాలివానకు ఒరిగిన వేప, ముదిరిన మామిడి కొమ్మ, ఏది కోయాలన్నా ఇప్పుడు గొడ్డలికి బదులు పెట్రోలు చైన్ రంపం కోసం కబురు వెళుతున్నది. ఇద్దరు మనుషులు చెరొక వైపు నిలబడి పూటంతా లాగే రంపం పనిని ఒక మనిషి గంటలో ముగిస్తున్నాడు. కాని ఆ మనిషి చేతిలోని యంత్రం చాలా సందర్భాలలో కొత్తది కాదు. కొత్తదానికి పెట్టుబడి చాలక, వేరొకరు వాడి విడిచినదానిని అప్పు తెచ్చి కొనేవారే దీనిని జీవనాధారంగా చేసుకుంటున్నారు. కనుక ఏ కంపెనీ రంపం ఎంతకాలం నిలుస్తుంది, మళ్ళీ అమ్మితే ఎంత వస్తుంది అన్నది వారి దృష్టిలో ఒక కుటుంబం బడ్జెట్‌కు సంబంధించిన ప్రశ్న.

మూడు తరగతుల సరుకు

పాత రంపాల బేరంలో అమ్మేవారు ముందుగా చెప్పేది కంపెనీ పేరు. ఆ పేరు ఒక్కటే విని ధర ఒప్పుకోవడం నష్టదాయకం. ఒకే కంపెనీ ఇంటివాడకానికి ఒక రకం, నిత్యం కోతపని చేసేవారికి మరొక రకం తయారు చేస్తుంది. రెండింటికీ రంగు ఒకటే, ముద్ర ఒకటే. లోపలి నిర్మాణం వేరు.

జర్మనీకి చెందిన స్టిల్ కంపెనీ 1926లో స్టుట్‌గార్ట్‌లో ఆరంభమయింది. 1929లో అది తెచ్చిన పెట్రోలు రంపం 46 కిలోల బరువు. నేడు అదే కంపెనీ ఎం.ఎస్. 170 రకం బార్, చైను కాక సుమారు 4 కిలోలు మాత్రమే తూగుతుంది. ఇంజను 30.1 సీసీ. మామిడి తోటలో కొమ్మలు తీయడానికి, ఇంటి కట్టెలు కోయడానికి ఇది సరిపోతుంది. ఎం.ఎస్. 250 రకం 45.4 సీసీ, మధ్యరకం పనికి తగినది. ఈ రెండింటిలోనూ ఇంజను అడుగుభాగం రెండు చిప్పలుగా బిగించి, చుట్టూ ప్లాస్టిక్ దేహంలో అమర్చివుంటుంది. అదే కంపెనీ 72.2 సీసీ ఎం.ఎస్. 382 రకంలో క్రాంక్‌షాఫ్ట్‌ను మోసేది మెగ్నీషియం పెట్టె. రోజూ మొద్దులు కోసే పనికి తయారైనది ఇదే.

స్వీడన్‌లోని హస్క్‌వర్నా 1689లో తుపాకుల కార్ఖానాగా మొదలై, 1959లో చైన్ రంపాల తయారీలో ప్రవేశించింది. దాని 372 ఎక్స్‌పి రకం 70.7 సీసీ, ఇదికూడా మెగ్నీషియం పెట్టె గలదే. నిర్మాణ పటిష్ఠతలో దీనికీ, స్టిల్ పెద్ద రకానికీ నడుమ ఎక్కువ తక్కువలు చెప్పడం కష్టం. అదే హస్క్‌వర్నాలో ఇంటివాడకం రకాలూ వున్నాయి. వాటిని 372తో సమానంగా ధర కట్టరాదు.

మూడవ తరగతి, చైనానుంచి వచ్చి ఇక్కడి కంపెనీల పేర్లు వేసుకుని అమ్ముడుపోయే 52, 58 సీసీ రంపాలు. వీటి మూలనమూనా జపాన్‌కు చెందిన జెనోవా కంపెనీది. పేర్లు ఎన్ని వున్నా లోపలి సరుకు ఇంచుమించు ఒకటే. దేహం మీద ముద్రించిన సీసీకి, లోపలి బోరుకు పొంతన కుదరని సందర్భాలు కద్దు. అయినా వీటిని తీసిపారవేయనక్కరలేదు. పిస్టన్, బోరు, కార్బొరేటర్ చౌకగా దొరుకుతాయి. ఒక పేరుగల మిషను భాగం మరొక పేరుగల మిషనుకు సాధారణంగా సరిపోతుంది. మొదట ధర తక్కువ, మరమ్మతు తేలిక. కాని ఆయుష్షు కొద్దిది, తిరిగి అమ్మితే వచ్చేది స్వల్పం.

మారు విలువ నిర్ణయించేది విడిభాగాలే

మన్నికలో సమానమైన రెండు యంత్రాలు మార్కెట్లో సమానమైన ధర పలకవు. విడిభాగం ఎవరికి దగ్గరలో దొరికితే దానికే గిరాకీ. లింగాల మనిషి సీజనులో క్లచ్ పోయి, దానికోసం అచ్చంపేట, నాగర్‌కర్నూలు దాటి హైదరాబాదు వెళ్ళవలసివస్తే, పోయేది భాగం ఖరీదు ఒక్కటే కాదు. బస్సు చార్జీ, రెండు రోజుల కూలి, ఒప్పుకున్న పని కూడా పోతాయి. కనుక కొనేముందు మెకానిక్‌ను అడగవలసిన ప్రశ్న ‘ఇది మంచి కంపెనీయేనా’ అన్నది కాదు. ‘దీని పిస్టన్, క్లచ్, ఆయిల్ పంపు మీరు ఎన్ని రోజుల్లో తెప్పించగలరు’ అన్నది. దానికి సరైన జవాబు లేని రంపం ఎంత గొప్పదయినా దాని ధర తగ్గించి కట్టవలసినదే.

పేరుకున్న విలువ వల్లనే నకిలీలూ వచ్చాయి. స్టిల్ 070 అనే 105 సీసీ పాత పెద్ద రంపానికి అనుకరణలు విరివిగా తయారవుతున్నాయి. దేహం మీద చెక్కిన క్రమసంఖ్య, బిల్లు మీది సంఖ్య ఒకటేనా కాదా అని చూడటం కనీస జాగ్రత్త. సంఖ్య గీకివేసివున్నా, అసలు లేకున్నా ఆ బేరం వదులుకోవడమే మంచిది.

లెక్క వేసి చూస్తే

ఇక అసలు విషయం. ఈ దిగువ అంకెలు మార్కెట్ ధరలు కావు. లెక్క తేలిక కోసం అనుకున్నవి. పాఠకులు తమ ఊరి ధరలు వేసుకుని ఇదే పద్ధతిలో చూసుకోవచ్చు. పెట్రోలు, ఆయిలు, చైను ఖర్చు రెంటికీ వుండేదే గనుక లెక్కలో చేర్చలేదు.

చౌక రంపం కొత్తది 8,000 రూపాయలు, మరమ్మతులకు 3,000, 120 పని దినాల తర్వాత తుక్కు కింద 1,000 వస్తుంది అనుకుందాం. నికరంగా అయిన ఖర్చు 10,000. రోజుకు సుమారు 83 రూపాయలు.

పేరుగల కంపెనీ పెద్ద రంపం పాతది 24,000 రూపాయలు, మరమ్మతులకు 6,000, 300 పని దినాల తర్వాత అమ్మితే 15,000 చేతికి వస్తుంది అనుకుందాం. నికర ఖర్చు 15,000. రోజుకు 50 రూపాయలు.

ఇంతవరకు చూస్తే పెద్ద రంపమే లాభం. సాధారణంగా చెప్పే లెక్క ఇక్కడ ఆగిపోతుంది. కాని కొనేవాడు సొమ్ము ఎక్కడినుంచి తెచ్చాడన్నది ఇందులో లేదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, రంపం అమ్మేవరకు అసలు తీర్చలేదనుకుంటే 8,000కు నెలకు వడ్డీ 160 రూపాయలు. 24,000కు 480 రూపాయలు.

నెలకు 15 రోజులు పని దొరికేవాడికి చౌక రంపం 8 నెలల్లో అరుగుతుంది. వడ్డీ 1,280. రోజు ఖర్చు 94 రూపాయలకు పెరుగుతుంది. పెద్ద రంపం 20 నెలలు వస్తుంది. వడ్డీ 9,600. రోజు ఖర్చు 82 రూపాయలు. పెద్దదే ఇంకా మేలు, కాని 33 రూపాయలున్న తేడా 12 రూపాయలకు దిగిపోయింది.

నెలకు 4 రోజులే పని దొరికేవాడి పరిస్థితి వేరు. చౌక రంపం 30 నెలలు వస్తుంది, వడ్డీ 4,800, రోజు ఖర్చు 123 రూపాయలు. పెద్ద రంపం 75 నెలలు, అంటే ఆరేళ్ళు పైగా నడవాలి. వడ్డీయే 36,000 అవుతుంది. రోజు ఖర్చు 170 రూపాయలు. మన్నికైన యంత్రమే అతనిని ముంచుతుంది.

ఈ అంకెల ప్రకారం రెండూ సమానమయ్యే చోటు నెలకు పది రోజులకు కొంచెం తక్కువ. అంతకన్న పని హెచ్చుగా వుంటే పాత పెద్ద రంపం, తక్కువగా వుంటే చౌక రంపం లేదా అద్దె రంపం. సొంత సొమ్ముతో కొనేవాడికి, బ్యాంకు వడ్డీకి తెచ్చుకోగలిగినవాడికి ఈ గీత ఇంకా కిందికి దిగుతుంది. వడ్డీ నూటికి మూడయితే గీత నెలకు పద్నాలుగు రోజుల దాకా ఎక్కుతుంది. మన్నిక అన్నది యంత్రంలో వున్నా, దాని ఫలితం పనిలోనూ వడ్డీలోనూ తేలుతుంది.

చూసి కొనవలసినవి

బేరానికి వెళ్ళినప్పుడు ముందుగా సైలెన్సర్ మీద చేయి పెట్టి చూడాలి. వేడిగా వుంటే అమ్మేవారు ముందే స్టార్టు చేసి వుంచారన్న మాట. చల్లారనిచ్చి మళ్ళీ లాగమనాలి. చల్లగా వున్నప్పుడు ఒకసారి, పది నిమిషాలు మొద్దు కోసిన తర్వాత వేడిగా వున్నప్పుడు మరొకసారి స్టార్టు కావాలి. వేడిలో మొరాయించే రంపానికి కంప్రెషన్ పడిపోయివుండవచ్చు.

ఆపివుంచి స్టార్టర్ పిడి పట్టుకుని రంపాన్ని వేలాడదీస్తే అది మెల్లగా, ఆగి ఆగి దిగాలి. ఒక్కసారిగా జారిపోతే పిస్టన్ రింగులు అరిగినట్లు. సైలెన్సర్ విప్పితే ఆ రంధ్రంలోంచి పిస్టన్ కనబడుతుంది. నిలువు గీతలు పడివుంటే ఆయిలు తక్కువ కలిపి నడిపారని అర్థం. స్టిల్ కంపెనీ తన ఆయిలుతో 50 వంతుల పెట్రోలుకు ఒక వంతు కలపమంటుంది. చౌక రంపాలకు సాధారణంగా 25 వంతులకు ఒక వంతు. రెండు రకాలూ వాడేవారు డబ్బాలు తారుమారు చేయడం ఇంజను దెబ్బతినడానికి ఒక కారణం.

స్ప్రాకెట్ మీద గాడి అర మిల్లీమీటరుకు మించి లోతు పడితే మార్చవలసిందే. పాత స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే ఆ చైనూ త్వరగా పాడవుతుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చైను కదలరాదు. ముందువైపు చైన్ బ్రేకు పనిచేయని రంపాన్ని బాగుచేయించేవరకు ఏ ధరకూ వాడరాదు. బార్ కొన మొద్దుకు తగిలి ఎదురు తన్నినప్పుడు మనిషికి ఆ బ్రేకే ఆధారం.

2023 నుంచి దేశంలో దశలవారీగా వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలితే కార్బొరేటర్ పొరలు గట్టిపడతాయి. వానాకాలమంతా మూల పడివున్న రంపం కొనేటప్పుడు కార్బొరేటర్ ఖర్చు ముందే మినహాయించుకోవడం మంచిది. ఇలా మార్చవలసిన భాగాల ఖరీదు ఒక చీటీ మీద రాసి, అమ్మేవారు చెప్పిన ధరలోనుంచి తీసివేసి బేరం మొదలుపెట్టాలి.

బిల్లు విలువ

లింగాల వంటిచోట మరొక అంశం వున్నది. పక్కనే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వచ్చిన భాగం ఇది. అడవిలో అక్రమంగా చెట్టు కొడితే అటవీ చట్టం ప్రకారం కలపతోపాటు పనిముట్లనూ స్వాధీనం చేసుకోవచ్చు. పట్టా భూమిలోని చెట్లకు సైతం 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి నిబంధనలున్నాయి. రంపం ఎవరిదో, ఎక్కడ కొన్నదో చూపే కాగితం లేకపోతే, తప్పు చేయనివాడు కూడా జవాబు చెప్పుకోలేక ఇబ్బంది పడవచ్చు. కనుక అసలు బిల్లు, లేదా అమ్మినవారి సంతకం, తేదీ, క్రమసంఖ్యతో ఒక రశీదు తప్పక తీసుకోవాలి. రేపు మళ్ళీ అమ్మేటప్పుడు ఆ కాగితమే ధర నిలబెడుతుంది.

సాధారణంగా పంటలు ఇంటికి చేరిన తర్వాత ఎండాకాలంలో కోతపని ముమ్మరమవుతుంది. వానలతో పొలాలు దిగబడినప్పుడు పని మందగిస్తుంది. రంపాలకు గిరాకీ వున్న రోజుల్లో అమ్మడం, పని లేని రోజుల్లో కొనడం లాభమని వేరే చెప్పనక్కరలేదు. అయితే అంతకన్న ముందు, గత ఏడాది నెలకు ఎన్ని రోజులు పని దొరికిందో కొనదలచినవారు కాగితం మీద రాసుకోవాలి. పది రోజులు దాటకపోతే ఎంత పేరుగల రంపమైనా అప్పు చేసి కొనవలసిన అవసరం లేదు.