ఇంట్లో చేసిన గాలిమర.. ఆదమరిస్తే ముప్పు

* గాలి వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు
* ఇంటి వైరింగుకు నేరుగా కలిపితే లైన్‌మన్‌కు ప్రాణగండం

రామగిరి కొండలపై 1990ల నుంచే గాలిమరలు కరెంటు ఉత్పత్తి చేస్తున్నాయి. వాటిని చూసి, పాత కారు ఆల్టర్నేటరుకు పీవీసీ గొట్టంతో కోసిన రెక్కలు బిగించి సొంతంగా మరను తయారుచేసుకోవాలన్న ఆలోచన ఎవరికైనా కలుగుతుంది. తయారీ కంటే దానిని అదుపులో ఉంచడమే కష్టం.

ఎంత వస్తుంది?
రెండు మీటర్ల వ్యాసం గల మరకు సెకనుకు 5 మీటర్ల గాలిలో దక్కేది సుమారు 60 వాట్లు. ఒక సీలింగ్ ఫ్యానుకు అది సరి. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లు, మూడింతలైతే ఇరవై ఏడు రెట్లు అవుతుంది. మామూలు రోజుల్లో మందకొడిగా తిరిగే మర ఆషాఢపు ఈదురుగాలికి ప్రమాదకరంగా మారేది ఇందుకే.

రెక్క తెగితే..
ఈ మర నిమిషానికి 500 చుట్లు తిరిగితే రెక్క కొస వేగం గంటకు 188 కిలోమీటర్లు. ఎండకు పెళుసుబారిన పీవీసీ ఆ వేగంలో విరిగితే ముక్కలు దూరంగా ఎగిరిపడతాయి. గాలి హెచ్చినప్పుడు మరను పక్కకు తిప్పే తోక తప్పనిసరి. తిరుగుతుండగా బ్యాటరీ తీగలు విప్పరాదు. భారం తొలగితే మర అదుపు తప్పుతుంది.

ఎక్కడ నిలపాలి?
మిద్దెపై బిగిస్తే ప్రకంపనలకు గోడలు బీటలువారే అవకాశం ఉంది. విడిగా స్తంభం పాతి, లాగుడు తీగలతో కట్టి, ఎర్త్ చేయాలి. కూలినా ఇంటిపై, విద్యుత్ తీగలపై పడనంత దూరం ఉండాలి.

బ్యాటరీ గదిలో..
చార్జింగ్ వేళ లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలి ఆడని గదిలో ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుతుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి.

అన్నింటికంటే ముఖ్యం
ఇన్వర్టరు కరెంటును ఇంటి ప్లగ్గులోకి నేరుగా ఎక్కించరాదు. సరఫరా నిలిపి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు ఆ కరెంటు వెనుకగా చేరుతుంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురు ప్రవహిస్తే 11 కేవీ తీగలోనూ అధిక వోల్టేజీ పుట్టవచ్చు. చేంజోవర్ స్విచ్చుతో రెండు సరఫరాలను పూర్తిగా వేరు చేయాలి. గ్రిడ్‌కు కలపదలచినవారు విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతి పొందిన తరువాతే ముందుకు సాగాలి.