లైంగిక దాడి జరిగితే ముందు ఎక్కడికి వెళ్లాలి? పత్తికొండ వాసులకు అందే సాయం ఇదీ

పత్తికొండ ప్రాంతం నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు సుగ్గికి వెళ్తాయి. మిరప కోతల కోసం గుంటూరు వైపు వెళ్లి గుడారాల్లో ఉంటాయి. కొందరు పిల్లలు అవ్వాతాతల దగ్గరే ఉండిపోతారు. ఇలాంటి చోట లైంగిక దాడి జరిగితే ఎవరికి చెప్పాలో చాలామందికి తెలియదు. పరువు పోతుందన్న భయంతో ఆలస్యం చేస్తే, సకాలంలో అందాల్సిన వైద్యం చేజారుతుంది.

'ఎందుకు అరవలేదు?'

బాధితులు ఎక్కువగా ఎదుర్కొనే ప్రశ్న ఇది. తీవ్రమైన భయంలో శరీరం కొయ్యబారిపోవడం, గొంతు పెగలకపోవడం సహజం. ప్రతిఘటించనంత మాత్రాన ఒప్పుకున్నట్లు కాదని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 63 కూడా చెబుతోంది. 18 ఏళ్లలోపు ఆడపిల్లలకైనా, మగపిల్లలకైనా పోక్సో చట్టం వర్తిస్తుంది. అక్కడ 'ఇష్టపడే జరిగింది' అన్న వాదన చెల్లదు.

మొదటి 72 గంటలు ఎందుకు కీలకం?

హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. గర్భం రాకుండా వేసుకునే మాత్ర కూడా ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ప్రభుత్వ ఆస్పత్రి అయినా, ప్రైవేటు ఆస్పత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. 'ముందు ఎఫ్‌ఐఆర్ తెండి' అని తిప్పి పంపకూడదు. అయితే విషయాన్ని ఆస్పత్రి పోలీసులకు తెలియజేస్తుంది.

వీలైతే స్నానం చేయకుండా, ఆ బట్టలు ఉతక్కుండా కాగితపు సంచిలో పెట్టుకుని వెళ్లాలి. అప్పటికే స్నానం చేసినా వెళ్లడం మానొద్దు. బాధితురాలి సమ్మతి ఉంటేనే పరీక్ష చేయాలి. 'రెండు వేళ్ల పరీక్ష' చేయకూడదని సుప్రీంకోర్టు 2022లో మరోసారి స్పష్టం చేసింది.

గుంటూరులో జరిగితే పత్తికొండలో ఫిర్యాదు చేయొచ్చా?

చేయొచ్చు. ఏ స్టేషన్‌లోనైనా 'జీరో ఎఫ్‌ఐఆర్' నమోదు చేసి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపాలి. మహిళ ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. అత్యాచారం కేసును పెద్దమనుషుల పంచాయితీలో రాజీ చేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. బాధితురాలి పేరు బయటపెట్టినా నేరమే.

కౌన్సెలింగ్‌లో ఏం చేస్తారు?

నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, తననే తాను నిందించుకోవడం నెలల తరబడి ఉండొచ్చు. కౌన్సెలర్ తీర్పులు చెప్పరు. ఏం జరిగిందో మొత్తం చెప్పమని బలవంతపెట్టరు. ముందు ధైర్యం ఇస్తారు, భయం ముంచెత్తినప్పుడు తట్టుకునే మార్గాలు నేర్పుతారు, తర్వాతి అడుగు బాధితురాలే నిర్ణయించుకునేలా తోడుంటారు.

జిల్లా కేంద్రం కర్నూలులోని వన్ స్టాప్ సెంటర్‌లో కౌన్సెలింగ్, వైద్య, పోలీసు, న్యాయ సాయం, తాత్కాలిక వసతి ఉచితంగా అందుతాయి. అయితే పత్తికొండ నుంచి వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. అందుకే ముందు 181కి ఫోన్ చేయడం మేలు. పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయొచ్చు.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

'నీ తప్పు లేదు, నీ మాట నమ్ముతున్నాం' అన్న మాట ముందు చెప్పాలి. పదేపదే గుచ్చి అడగొద్దు. పిల్లలపై దాడి జరిగినట్లు తెలిస్తే పోలీసులకు చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు

అత్యవసరం: 112
మహిళల హెల్ప్‌లైన్: 181
పిల్లల కోసం: 1098
మానసిక సాయం (టెలీ మానస్): 14416
ఉచిత న్యాయ సాయం: 15100