పిన్ను నిలబెట్టే యంత్రం, నారు నాటే యంత్రం

బౌలింగ్ అనగానే మనవాళ్లకు క్రికెట్టే గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది చెక్క బాట మీద బరువైన బంతి దొర్లించి, చివర త్రికోణంగా నిలబెట్టిన 10 పిన్నులను పడగొట్టే ఆట సంగతి. ఒక్కో పిన్ను 38 సెంటీమీటర్ల ఎత్తు, సుమారు కిలోన్నర బరువు. పక్కపక్క పిన్నుల మధ్య ఎడం 30 సెంటీమీటర్లు. అమెరికాలో 1950ల దాకా వీటిని నిలబెట్టింది కూలి కుర్రాళ్లు. బాట చివర గట్టు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, బంతి తగలగానే కిందికి దూకి, పడ్డవి ఏరి, మళ్లీ గట్టెక్కేవాళ్లు. ఈ పని యంత్రానికి అప్పగించడం మొదట అనుకున్నంత తేలిక కాలేదు. ఎందుకంటే కుర్రాడు నిలబడ్డ పిన్నుల జోలికి పోడు, పడ్డవే ఏరతాడు. యంత్రానికి అలా ఏరే చెయ్యి లేదు. పడ్డవాటిని ఊడ్చెయ్యాలంటే నిలబడ్డవాటిని ముందు పైకెత్తి పట్టుకోవాలి, ఊడ్చాక మళ్లీ దించాలి. అసలు చిక్కు ఇంకోటి ఉంది. బంతి తాకిడికి పిన్ను పడకుండా పక్కకు జరిగిందనుకోండి, దాన్ని జరిగిన చోటే దించాలి. లేకపోతే ఆట తప్పుతుంది.

ఫ్రెడ్ ష్మిత్ రూపొందించిన యంత్రాన్ని ఏఎంఎఫ్ కంపెనీ 1946లో బఫెలో నగరంలో ప్రదర్శించింది. 2 టన్నుల బరువు, 9 అడుగుల ఎత్తు. గాలి పీల్చి పిన్నును పట్టుకునే ఏర్పాటు అందులో ఉండేది. అమ్మకానికి వచ్చేసరికి దాని బదులు మెడ దగ్గర పట్టుకునే మెకానికల్ పట్లు వచ్చాయి. 1950ల నడుమ బ్రన్స్‌విక్ కంపెనీ కూడా తన యంత్రంతో పోటీకి దిగింది. రెండూ గొప్ప యంత్రాలే. కానీ బెల్టులు, గేర్లు, పిన్నులను పైకి మోసే చక్రాలు, ఒక్కోదాన్ని దాని గూట్లోకి చేర్చే చేతులు ఇన్నిటితో నిండిపోయి, వెనకాల ఎప్పుడూ ఒక మెకానిక్ ఉండక తప్పని పరిస్థితి. కుర్రాళ్లు పోయారు, మెకానిక్కు వచ్చాడు.

ఇప్పుడు ఊపందుకున్న తాడు యంత్రం ఈ హడావుడి చాలావరకు వదిలేసింది. ప్రతి పిన్ను తలకూ ఒక తాడు. లాగితే లేస్తుంది, వదిలితే నిలుస్తుంది. జర్మనీలో తొమ్మిది పిన్నుల ఆటకు ఈ పద్ధతి పాతదే. పక్కకు జరిగిన పిన్ను సంగతి? దాన్నీ పైకి లాగి అసలు చోటే దించేస్తుంది. అంటే యంత్రం ఆ చిక్కు విప్పలేదు, చిక్కునే ఆటలోంచి తీసేసింది. ఇదేం ఆటండీ అని పాతకాపులు అభ్యంతరం చెప్పారు. తాడున్న పిన్ను తాడు లేనిదంత స్వేచ్ఛగా ఎగిరి పక్కదాన్ని పడగొట్టదన్నది నిజం. అందుకే యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ 2023లో దాన్ని వేరే తరగతిగా గుర్తించింది. అయితే పిన్ను ఎప్పుడూ మారకుండా ఉండిపోయిందనుకుంటే పొరపాటు. మేపుల్ చెక్క మీద ప్లాస్టిక్ పూత కూడా మధ్యలో వచ్చిందే. కెమెరాలు వచ్చాయి కదా, ఇంత రాజీ ఎందుకని అడగొచ్చు. కెమెరా ఎన్ని నిలబడ్డాయో లెక్కపెడుతుంది, ఎత్తి దించదు.

యంత్రం చిక్కు విప్పదు, తనకు తగ్గట్టు పనినే మార్చేస్తుందన్న ఈ వాదానికి ఇంకా గట్టి సాక్ష్యం నెల్లూరు వైపు, కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట చేలల్లో వరి నారు నాటే యంత్రం. ఇక్కడా కష్టం నిలబెట్టడంలోనే. మడిలోంచి పీకిన నారు చిక్కుపడి ఉంటుంది. కూలి మనిషి వేళ్లు రెండు మూడు మొక్కలు చటుక్కున విడదీసి బురదలో గుచ్చేస్తాయి. ఇనుప వేళ్లకు అది పట్టుబడలేదు. జపాన్ వాళ్లు చివరికి నారునే మార్చారు. సుమారు 58 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు, 3 లోతు ఉన్న ట్రేలో జల్లెడపట్టిన మట్టి పోసి, మొలకెత్తిన విత్తనం ఒత్తుగా చల్లుతారు. వేర్లు అల్లుకుని నారు చాపలా లేస్తుంది. యంత్రం ఇక మొక్కను వెతకదు. ఆ చాపలోంచి చిన్న ముక్క కోసి, వరుసల మధ్య 30 సెంటీమీటర్లు వదిలి, బురదలో పెడుతుంది. పిన్నుల మధ్య ఎడమూ అంతే కావడం యాదృచ్ఛికమే అనుకోండి.

దీంతో కూలి ఖర్చు పోతుందనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. మట్టి జల్లించడం, ట్రేలు నింపడం, తడపడం, మోయడం ఇవన్నీ మనుషుల పనే; పొలంలోంచి నారుమడికి జరిగిందంతే. దమ్ము చేసిన బురద కూడా కాస్త పేరుకోవాలి, లేకుంటే పెట్టిన నారు ఒరిగిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం వయసు. మడి నారు 25, 30 రోజులది నాటడం మామూలే. కాలువ నీళ్లు ఓ వారం ఆలస్యమైనా ఆగుతుంది. ట్రే నారు 15 నుంచి 20 రోజుల మధ్య చేలో పడాలి, దాటితే ఆ పలుచని మట్టిలో ముదిరిపోతుంది. సోమశిల జలాశయం నీళ్లు ఎప్పుడు వదులుతారో ముందే ఖాయంగా తెలిసిన ఆయకట్టులో యంత్రం లాభమే. కాలువ చివర ఉన్న రైతు పాత నారుమడి వదులుకోకపోతే అది మొండితనం కాదు, లెక్కే.