ఊడిన పన్ను పారేయకండి

మావాడికి తొమ్మిదేళ్లప్పుడు తడి వరండాలో పరుగెత్తి జారిపడ్డాడు. ముందు పన్ను వేరుతో సహా ఊడొచ్చింది. రక్తం చూసి నేను గాభరా పడుతుంటే, అత్తయ్యగారు పాలపన్ననుకుని పేడలో పెట్టి పెంకుల మీదికి విసిరేశారు. 'మళ్లీ వస్తుందిలేమ్మా' అన్నారు. రాలేదు. అది శాశ్వత దంతం. 'పాలల్లో వేసి వెంటనే తెచ్చి ఉంటే తిరిగి పెట్టి చూసేవాళ్లం' అన్న డాక్టరుగారి మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

సాధారణంగా ఆరేడేళ్లు దాటాక వచ్చే ముందు పళ్లు శాశ్వత దంతాలే. ఊడితే తెల్లటి భాగమే పట్టుకోవాలి. వేరు ముట్టుకోకూడదు, రుద్దకూడదు. మట్టి అంటితే పాలతోనో, చన్నీళ్లతోనో ఒక్కసారి కడిగి, వీలైతే ఊడిన చోటే పెట్టి శుభ్రమైన గుడ్డ కొరికించండి. లేదంటే గ్లాసుడు పాలల్లో వేసి, అరగంటలోపే దంతవైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. పాలపన్నైతే తిరిగి పెట్టకూడదు, లోపల పెరిగే పన్ను దెబ్బతింటుంది. డాక్టరుకి మాత్రం చూపించాలి.

నడక నేర్చే పిల్లలకీ, ఆటల వయసు వాళ్లకీ ఈ ప్రమాదాలెక్కువ. ఎత్తుపళ్లుంటే మరీను. తడి నేల వెంటనే తుడవండి. నోట్లో పెన్సిలుతో పరుగెత్తనివ్వకండి. స్కూటరు ముందు నిలబెట్టకండి. సైకిలుకి హెల్మెటు, హాకీ, బాక్సింగులాంటి ఆటలకి మౌత్‌గార్డు తప్పనిసరి.

పాలపన్ను పెంకుల మీదికి విసిరితే ముచ్చటే. శాశ్వత దంతం చోటు మాత్రం పాలగ్లాసే!