చందమామ దుమ్ము... దులిపితే పోదు!

పండగ వస్తోందంటే చాలు, బూజుకర్ర, పాతగుడ్డ పట్టుకుని ఇల్లంతా దులుపుతాం. ఒంటి మీద పడ్డ దుమ్ము నాలుగు చెంబులు పోసుకుంటే పోతుంది. కానీ తుడిచేకొద్దీ ఇంకా గట్టిగా అంటుకునే దుమ్ము ఒకటుంది. అది చందమామ మీది దుమ్ము! దాన్ని వదిలించడానికి శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్లనే చీపురు చేసుకున్నారంటే వింతగా లేదూ?

శ్రీహరికోటలో రాకెట్ లేస్తుందంటే మా సూళ్లూరుపేటలో చేతిలో పని వదిలేసి మేడ లెక్కడం మామూలే. 2023 జూలై 14 మధ్యాహ్నం చంద్రయాన్-3 వెళ్లినప్పుడూ అంతే. ఆ ప్రాజెక్టు అసోసియేట్ డైరెక్టర్ కల్పనా కాళహస్తి అని తెలిసి మా ఆడవాళ్లం ఇంకాస్త పొంగిపోయాం. ఆగస్టు 23న విక్రమ్ చంద్రుడి మీద దిగింది. దిగేటప్పుడు ఇంజన్ల ధాటికి సుమారు 2.06 టన్నుల మట్టి 108.4 చదరపు మీటర్ల మేర చెదిరిపోయిందని హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

ఈ సంగతి చెబితే మా పక్కింటి అమ్మాయి ఊరుకోలేదు. "ఇంజన్ ఊదింది గనక లేచింది, సరే. ఏదీ ఊదకపోయినా అక్కడ దుమ్ము లేస్తుందంట గదత్తా, అదెట్టా?" అంది. మంచి ప్రశ్నే!

దువ్వెన నుంచి చందమామ దాకా

పొడి జుట్టు దువ్వి, ఆ దువ్వెనను కాగితం ముక్కల దగ్గర పెడితే ఎగిరొచ్చి అంటుకుంటాయి కదా. అదే స్థిర విద్యుత్తు. పాత పిక్చర్ ట్యూబు టీవీలు గుర్తున్నాయా? వాటి వెనక ఎలక్ట్రాన్ గన్ ఉండేది. అది వదిలే ఎలక్ట్రాన్ల ధార తెరకు తగిలితేనే బొమ్మ. తెర దగ్గర చెయ్యి పెడితే వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ దుమ్ము!

మన గాలిలో తేమ ఉంది గనక ఈ విద్యుదావేశం త్వరగా జారిపోతుంది. పులికాట్ గాలి తగిలే మా ఊళ్లో అయితే మరీను. చంద్రుడి మీద ఆ గాలీ లేదు, తేమా లేదు. పగటిపూట ఎండలోని అతినీలలోహిత కిరణాలు దుమ్ము రేణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. రాత్రిపూట ఎలక్ట్రాన్లే వచ్చి రేణువుల మీద చేరతాయి. అవి వచ్చేది సూర్యుడి నుంచి వీచే ప్లాస్మాలోంచి. ప్లాస్మా అంటే కంగారు పడకండి. పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు, అంతే. వెలిగే ట్యూబులైటులో ఉండేదీ అదే.

విక్రమ్ మీదున్న 'రంభ' పరికరం దక్షిణ ధ్రువం వైపు నేలకు దగ్గర్లో ఉన్న ఈ ప్లాస్మానే కొలిచింది. పేరు అప్సరసదే గానీ, రూపం మీటరు కడ్డీ చివర 5 సెంటీమీటర్ల లోహపు గుండు!

తుమ్ములు తెప్పించిన దుమ్ము

ఇదంతా మనకెందుకు అంటారా? శ్రీహరికోట బీచిలో ఇసుకను అలలు అరగదీసి నున్నగా చేస్తాయి. చంద్రుడి మీద అరగదీసే గాలీ నీరూ లేవు గనక అక్కడి దుమ్ము గాజుపెంకుల్లా పదును. 1972 డిసెంబరులో అపోలో-17లో వెళ్లిన హారిసన్ ష్మిట్ నౌకలోకి తిరిగొచ్చి హెల్మెట్ తీయగానే తుమ్ములు, ముక్కుదిబ్బడ. అపోలో యాత్రికుల సూట్లను కూడా ఈ దుమ్ము ఒరిపిడి పెట్టింది. బ్రష్షుతో దులిపినా పూర్తిగా పోలేదు. సూటు చిల్లుపడితే అక్కడ ప్రాణానికే ముప్పు కదా!

ముల్లును ముల్లుతోనే...

2016లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు గాలి తీసేసిన గదిలో దుమ్ము పోసి, దాని మీద ప్లాస్మానీ ఎలక్ట్రాన్ ధారనీ ప్రయోగించారు. రేణువులు కొన్ని సెంటీమీటర్ల ఎత్తుకి గెంతాయి! కారణం ఏమిటంటే, రేణువుల మధ్య సన్నని సందులుంటాయి. ధార తగిలి ఊడిపడిన ఎలక్ట్రాన్లు ఆ సందుల్లో ఇరుక్కుని పక్క రేణువుల మీద పోగవుతాయి. ఒకే జాతి ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయని బళ్లో చదువుకున్నదే. నెట్టుడు ఎక్కువైతే రేణువు ఎగిరి పడుతుంది.

2020లో అదే విశ్వవిద్యాలయం ఈ కిటుకును శుభ్రం చేసే పనికి వాడింది. దుమ్ము పట్టిన గాజు మీద, సూటు బట్ట మీద ఎలక్ట్రాన్ ధార పడేసరికి కొన్ని నిమిషాల్లో సగటున 75 నుంచి 85 శాతం దుమ్ము దానంతటదే వదిలిపోయింది. అంటించిన విద్యుత్తే వదిలించిందన్నమాట! అయితే మిగిలిన కాస్తా కూడా పోవాల్సిందే. ఊపిరితిత్తులకి ఆ కాస్తే చాలు.

మన ఇంట్లోనూ ఇదే సూత్రం. టీవీని, కంప్యూటర్ని పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే ఆవేశం పెరిగి దుమ్ము ఇంకా లాగుతుంది. స్విచ్ ఆపి, గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో తేలిగ్గా తుడవండి.

2040 నాటికి మనవాళ్లు చంద్రుడి మీద దిగాలని 2023 అక్టోబరులో ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. వాళ్లలో ఒక అమ్మాయి ఉంటే ఎంత బావుంటుంది! ఆ పిల్ల పనయ్యాక సూటుకి దుమ్ము లేకుండా, తుమ్ములు లేకుండా లోపలికి రావాలంటే, ఈ ఎలక్ట్రాన్ చీపురు నూటికి నూరుపాళ్లు పని చేసేలా ఈలోగా తయారవ్వాలి.