గోల్కొండ దారిలో సరాయిలు

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ, హైదరాబాదులకు వచ్చే బాటసారులకు బస సరాయిల్లో దొరికేది. వీటిలో ఒకటి షేక్‌పేట సరాయి. ఇది గోల్కొండ కోటకు కొద్ది దూరంలోనే ఉంది. రెండంతస్తుల రాతి కట్టడం, సుమారు 30 గదులు, గుర్రాలకూ ఒంటెలకూ శాలలు, పక్కనే మసీదు. వర్తకుడికి తన నిద్ర కన్నా పశువుల మేత, సరుకు భద్రతే ముఖ్యం. అందుకే గదులు చిన్నవి, ఆవరణ పెద్దది. ఎంతో ఆలోచించి కట్టిన ఏర్పాటు ఇది.

మచిలీపట్నం బాటలో హయత్‌నగర్ ఉంది. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరున వెలసిన ఊరది. అక్కడి మసీదు ప్రాంగణం చుట్టూ వరుసగా గదులు, పక్కన పెద్ద బావి ఉన్నాయి. నగర శివార్లలోని మసీదులు పరదేశులకు సరాయిలుగా ఉపయోగపడేవని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే కూడా రాశాడు.

ఇలాంటి పాత కట్టడాలను నేడు ఎలా వాడుకోవచ్చో ఇటలీ చూపుతుంది. అక్కడి ఫ్లోరెన్స్, సియెనాల్లో నగరం నడిబొడ్డునే పాత భవనాలు చిన్న హోటళ్లుగా మారాయి. పాత గోడలను వాడుకలో ఉంచడమే వాటిని కాపాడే మేలైన పద్ధతి. షేక్‌పేట సరాయికీ అలా వాడుకలో నిలిచే అర్హత పూర్తిగా ఉంది.

రైలు వచ్చాక హైదరాబాదులో బస చోటు మారింది. 1907లో నాంపల్లి స్టేషన్ కట్టారు. 1919లో దాని దగ్గరే నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ప్రయాణికుల కోసం సరాయి వెలసింది.